వైద్యులును రెజ్యూమెలును

వైద్యవిద్య ముగించిన మన యువతీయువకులలో కొందఱు ఇటీవల వైద్యవృత్తిని విడిచి మేనేజిమెంటు కన్సల్టింగు అను వృత్తిలో బ్రవేశింప గోరుచున్నారు. అనగా రోగుల నాడి చూచుట మాని, కంపెనీలయు ఆసుపత్రులయు ప్రభుత్వశాఖలయు నాడి చూచి, వాని వ్యవహార మెక్కడ చెడినదో కనిపెట్టి, బాగుపడు మార్గము చెప్పి, అందులకు ప్రతిఫలము పుచ్చుకొనుట. ఇది నిన్న మొన్న పుట్టిన వృత్తి కాదు. అమెరికాలో ఆర్థర్ లిటిల్ పేర నిట్టి సంస్థ 1886లోనే వెలసెను; షికాగోలో జమాఖర్చుల శాస్త్రమును బోధించుచుండిన జేమ్సు మెకిన్సీ 1926లో తన పేర మఱియొకటి స్థాపించెను. అట్టి సంస్థలు నేడు మన దేశమునను పనిచేయుచు, ఇంజనీర్లతో పాటు వైద్యులను గూడ చేర్చుకొనుచున్నవి. చేరగోరువారు ముందుగా పంపవలసినది తమ చదువును పనిని దెలుపు నొక కాగితము. దానినే రెజ్యూమె యందురు. ఆ కాగితమును బలపఱచుకొనుట యెట్లు అను ప్రశ్న మన హౌస్ సర్జనుల వసతిగృహములలో వినబడుచున్నది. ఆ ప్రశ్నకు దొరకుచున్న సమాధానములను విని యూరకుండలేక మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

సమాధానములు రెండు విధములుగా నున్నవి. ఇంటివారు చెప్పునది యొకటి: "ఆ తలంపే మానుము" అని. బజారువారు చెప్పునది రెండవది: "సర్టిఫికెట్లు కొనుము" అని. ఈ రెండును ఒక్క తప్పునుండియే పుట్టిన వని మా పక్షము. ఇంటివారికి వైద్యపట్టము తమ కష్టార్జితమైన ఆస్తి. బజారువారి కది పై మెఱుగు పెట్టి యమ్ముకొనదగిన సరకు. ఆ పట్టము పుచ్చుకొన్న మనుష్యుడు ఏమి పని చేసినాడు అని యడుగువారు రెండు తావులందును గానరారు.

ముందుగా ఇంటి సంగతి చూతము. చోడవరము మీదుగా నర్సీపట్నము పోవు బాటలో పెద్దేటి యొడ్డున వడ్డాది యను గ్రామము కలదు. పూర్వము మత్స్యవంశపు రాజులకు ముఖ్యస్థానమై యుండిన ఆ యూరు నేడు చెఱకు తోటల నడుమ నొక పెద్ద పల్లె. 2022వ సంవత్సరము వఱకు విశాఖపట్టణము జిల్లాలో నుండి, ఆ యేటి యేప్రిలులో అనకాపల్లి జిల్లాలో జేరినది. ఇట్టి యూరినుండి ఒక బిడ్డ వైద్యకళాశాలకు బోవుట యనగా నేమో పట్టణవాసులకు దెలియదు. బెల్లపు సొమ్ము ఏడాదికొకసారి చేతికి వచ్చును; అప్పు నెలనెలకు పెరుగును. నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడు హౌస్ సర్జను పని, దానికి ముందు ప్రవేశపరీక్షకై కోచింగులో గడచిన కాలము, ఇవన్నియు గలిసి ఒక కుటుంబపు నడివయస్సును మ్రింగివేయును. అటువంటి యింట కుమారుడు "నేను డాక్టరీ చేయను" అన్నచో తల్లి యేమనును? "ఇంత సదివించినాం గదా బాబూ, ఇప్పుడు మానేస్తే నలుగురూ ఏటనుకుంటారు?" అనును. ఆ తల్లి దుఃఖమును మేము పరిహసింపము. కాని ఆ నలుగురు ఏమనుకొందురో మాత్రము విచారింపక తప్పదు.

ఆ నలుగురిలో మొదటివాడు పెండ్లిపేరయ్య. వరకట్నమును నిషేధించు శాసనము 1961లోనే వచ్చినను, వైద్యుడైన వరునికి ధర వేఱు, తక్కినవారికి ధర వేఱు అనుట మన జిల్లాలలో దాపరికము లేని మాట. వైద్యము విడిచిన వైద్యుని కే ధర కట్టవలెనో పేరయ్యకు దెలియదు. కావున నతడు తల యూపును. ఆ తల యూపు చూచి ఇంటిల్లిపాదియు దిగులు పడుదురు. "సేవాధర్మమును విడనాడుచున్నాడు" అని కన్నీరు గార్చు పెద్దలలో ఎందఱి కన్నీటిలో నీ దిగులు కలిసియున్నదో వారే తమ హృదయములను బరీక్షించుకొందురు గాక. సేవయే ప్రధానమని నిజముగా నమ్మినవారు, కుమారుడు చోడవరములోనే యుండి జ్వరములకు మందిచ్చుచున్న దినములలో, "హైదరాబాదు కార్పొరేటు ఆసుపత్రిలో ఎప్పుడు చేరెదవు? అమెరికా పరీక్ష లెప్పుడు వ్రాసెదవు?" అని వేధించి యుండరు.

అయినను ఇంటివారి మాటలో ఒక సత్యము గలదు. దానిని గూడ త్రోసిపుచ్చుట న్యాయము గాదు. ప్రభుత్వ కళాశాలలో చదివిన వైద్యుని చదువునకు ప్రజల ధనము వ్యయమైనది. అంతకన్న గొప్ప ఋణము మఱియొకటి కలదు. కింగ్ జార్జి ఆసుపత్రి వార్డులలో పరుండిన పేదలు తమ శరీరములనే పుస్తకములుగా దెఱచి యిచ్చి వీరికి విద్య నేర్పిరి. సూది గ్రుచ్చుట నేర్చుకొన్నది వారి చేతులమీదనే. తప్పులు దిద్దుకొన్నదియు వారిమీదనే. ఈ ఋణమును దీర్పక పోరాదు. కాని దానిని దీర్చుటకు జీవితాంతము ఇష్టము లేని పని చేయవలెనని మేమొప్పుకొనము. మనస్సు లేని వైద్యుడు రోగి ముఖము చూడకయే మందు వ్రాయును. అట్టివానిని బలవంతముగా కుర్చీలో గూర్చుండబెట్టిన రోగికి గలుగు మేలేమి? ఋణము దీర్చు మార్గము వేఱొకటి యున్నది. చిత్రమేమన, రెజ్యూమెను నిజముగా బలపఱచునదియు నదియే. తాను నిలిచియున్న ఆసుపత్రిలో చెడియున్న యొక వ్యవహారమును, అచ్చటినుండి వెడలిపోక ముందే, చక్కబెట్టి పోవుట ఆ మార్గము.

వైద్యులు వ్యవహారములోనికి వచ్చుట మనకు క్రొత్తయని తలచువారు మచిలీపట్టణపు చరిత్రను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యపట్టము పొంది మచిలీపట్టణమున వైద్యము చేసిన వారు. వైద్యము విడిచిన పిదప వారు దేశకార్యములో దిగిరని యెల్లరు నెఱుగుదురు. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరని మన పిల్లలలో నెందఱెఱుగుదురు? చెల్లించిన మూలధనము 1 లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వచ్చినవి. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమగు వఱకు మన యూళ్లలో దాని పలక వ్రేలాడని పెద్ద వీధి లేకుండెను. డిపాజిటు వేయ వచ్చిన రైతు "అయ్యా, తమకు బ్యాంకింగులో ఏ సర్టిఫికెట్టు కలదు?" అని యడిగియుండడు. సహకారోద్యమమున వారు చేసిన పని యప్పటికే ప్రజల కన్నుల యెదుట నుండెను. విశాఖపట్టణమున వైద్యకళాశాల నెలకొల్పబడినదియు 1923లోనే. ఒక తీరమున వైద్యులను తయారుచేయ మొదలిడిన యేటనే మఱియొక తీరమున నొక వైద్యుడు బ్యాంకు దెఱచెను!

మన కాలమువారిలో గుంటూరు వైద్యకళాశాలలో జదివిన జయప్రకాశ్ నారాయణగారు 1980లో ఐ.ఏ.ఎస్. లో జేరి, 1996లో దానిని విడిచి లోక్‌సత్తాను స్థాపించిరి. అదే కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు వైద్యము విడువకయే వ్యవహారజ్ఞులైరి. 1987లో హైదరాబాదున వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో వారు శస్త్రచికిత్సతో నూరకుండక, ఒక గోపురమువంటి యేర్పాటును గట్టిరి. క్రింద సుమారు 50,000 మందికొక దృష్టికేంద్రము, దానిపై పెద్ద కేంద్రములు, కొనకు మహాసంస్థ. కంటి యద్దములకై వచ్చినవాడు క్రిందనే తృప్తిపడి పోవును. శుక్లము గలవాడు నడిమి కేంద్రమునకు బోవును. క్లిష్టమైన వ్యాధి మాత్రమే పైకి బోవును. ఏ రోగిని ఏ మెట్టుమీద నాపవలెను అను ప్రశ్నకు సమాధానము వైద్యగ్రంథములలో దొరకదు. అది లెక్క. కన్సల్టెంటులు వేతనము బుచ్చుకొని చెప్పునది యిట్టిదియే. ఈ పెద్దలెవ్వరును కన్సల్టింగు సంస్థలలో గొలువు చేసినవారు కారు. మేము వారిని పేర్కొన్నది వైద్యునికి వ్యవహారబుద్ధి యబ్బదను వారి నోరు మూయించుటకే.

ఇక బజారు సంగతి. ఈ నడుమ మేము చూచిన యొక వైద్యయువకుని రెజ్యూమె నాలుగు పుటలున్నది. మొదటి పుటలో "కష్టించి పనిచేయువాడు, నాయకత్వ లక్షణములు గలవాడు, బృందములో నిమిడిపోవువాడు, ఒత్తిడికి లొంగనివాడు" అని స్తోత్రపాఠము. రెండవ పుటలో రెండు గంటలలోను, నాలుగు గంటలలోను ముగియు ఆన్‌లైను పాఠముల సర్టిఫికెట్లు పదునెనిమిది. మూడవ పుటలో తాను చూచిన, సాయపడిన, ప్రక్కన నిలుచుండిన శస్త్రచికిత్సలన్నింటి జాబితా. నాలుగవ పుటలో పాఠశాలలో వచ్చిన వక్తృత్వపు బహుమతి. ఈ రచన యాతనిది గాదు. రుసుము పుచ్చుకొని వ్రాసియిచ్చు దుకాణము వారిది. అదే దుకాణము వ్రాసియిచ్చిన మఱియొకరి కాగితము మాకు జూపబడగా, పేరు తక్క మొదటి పుట యక్షరాలా నొక్కటియే! ఇట్టి కాగితములలోని సద్గుణములన్నియు నిజమే యైనచో దేశములో చక్కబెట్టవలసిన వ్యవహార మేదియు మిగిలి యుండదు, కన్సల్టెంటుల కిక పనియే యుండదు.

రెజ్యూమె చదువువాని స్థితి యెట్టిదో ఈ దుకాణముల వారికి దెలియకపోలేదు. తెలిసియు బుటలనుబట్టి రుసుము పుచ్చుకొనుచున్నారు. చదువువాని యెదుట కాగితముల గుట్ట యుండును. ఒక్కొక్క దానిపై నతని కన్ను నిలుచునది కొలదిపాటి క్షణములు. అతడు వైద్యుడు గాడు. "లాపరాటమీ"కి "లాపరోస్కోపీ"కి భేద మెఱుగడు, ఎఱుగ నక్కఱయు లేదు. అతడు వెదకునవి మూడు: ఈ మనిషి చిక్కుముడిని విప్పగలడా? నలుగురిచేత పని చేయింపగలడా? వాని పనివలన ఏదైన మాఱినదా, మాఱినచో నెంత? ఒక్క పుటలో నీ మూడింటికి జవాబు దొరకినచో ఇంటర్వ్యూకు బిలుచును. అచ్చట "ఒక ఆసుపత్రికి రెండేండ్లుగా నాదాయము తగ్గుచున్నది, కారణమేమి?" అనునట్టి సమస్య నిచ్చి, ఎదుట గూర్చుండి, అభ్యర్థి యాలోచించు తీరు గనిపెట్టును.

ఆలోచించు తీరులో వైద్యునికి గొప్ప యనుకూలత గలదు. కడుపునొప్పి యని వచ్చిన రోగిని జూచి మంచి వైద్యుడు ఒక్క కారణమును బట్టుకొని వ్రేలాడడు. సాధ్యములైన కారణములన్నియు మనస్సున వరుసగా బేర్చును; ప్రాణాపాయకరమైనదానిని ముందు విచారించును; ఏ ప్రశ్న యడిగిన నేది తొలగిపోవునో ఆ ప్రశ్న యడుగును; ఖర్చు తక్కువ పరీక్ష ముందు, ఎక్కువ పరీక్ష వెనుక చేయించును; మందిచ్చి, మరల పిలిచి చూచును. ఆదాయము తగ్గిన ఆసుపత్రిని బరీక్షించుటయు నిట్టిదే. రోగులు తగ్గిరా, ఒక్కొక్క రోగివలన వచ్చునది తగ్గినదా, ఖర్చు పెరిగినదా? రోగులు తగ్గిన పక్షమున, రాకయే తగ్గిరా, వచ్చి తిరిగిపోవుచున్నారా? అయిదేండ్లు ఈ విద్యనే యభ్యసించి, రెజ్యూమెలో దాని పేరెత్తక, "ఒత్తిడికి లొంగనివాడు" అని వ్రాసికొనుట కంటె విపరీత మేమున్నది?

ఆ విద్యను ఆసుపత్రి వ్యవహారముపై ప్రయోగించిన గురుతు కాగితములో గనబడవలెను. అది యెట్లో రెండుదాహరణములతో జెప్పెదము.

చెఱకు తోటలున్న చోట పాములుండును. వానకాలమున, గానుగ కాలమున, తోటలో కాలిడిన కూలీకి కాటు తప్పదు. వడ్డాది ప్రాంతపు రోగికి చేరువలో విషహరమైన సూదిమందు దొరకకున్న చోడవరము, అక్కడ దొరకకున్న అనకాపల్లి, అక్కడను గాకున్న విశాఖపట్టణము. పాముకాటున గడియ గడియయు ప్రాణమే. ఆ బాట పొడవంతయు ప్రాణముతో బందెమే. మొదటి మోతాదునకే 8 మొదలు 10 సీసాలు వలయును గదా. సీసాలు రెండే యున్న చోట మందు ఉన్నట్లా, లేనట్లా? ఇచ్చట నున్న యువవైద్యుడు కాటు వేసినప్పుడు కంగారుపడుటతో సరిపెట్టుకొనవచ్చును. లేదా, ఒక యాదివారము గూర్చుండి గడచిన మూడేండ్ల రిజిస్టరులను దెఱచి, ఏ నెలలో కాట్లెన్ని, మందెన్నడు నిండుకొన్నది, ఎందఱను పైకి బంపవలసివచ్చినది, ఇండెంటు పంపిన ఎన్ని దినములకు సరకు చేరినది అని లెక్క గట్టవచ్చును. గట్టి, ఫార్మసిస్టుగారితో గలిసి, వానలకు రెండు నెలలు ముందుగా ఇండెంటు పోవునట్లు ఏర్పాటు చేయవచ్చును. మఱుసటి యేడు మందు లేక పైకి బంపబడినవారెందఱో మరల లెక్కించవచ్చును. ఆ రెండంకెలును ప్రక్కప్రక్కన వ్రాసిన యొక్క పంక్తి ఆ పదునెనిమిది సర్టిఫికెట్లను దూది పింజెలవలె నెగురగొట్టును. ఆ నడుమ ఎవరి ప్రాణమో నిలిచియుండును గూడ.

రెండవది పట్టణపు వార్డు. 30 పడకలు, 30 దినములు: నెలకు 900 పడకదినములు. రోగి సగటున 6 దినములున్నచో 150 మందికి చోటు. 5 దినములున్నచో 180 మందికి. మందు మార్పక, చికిత్స తగ్గింపక, ఆ యొక్క దినమును దగ్గించుట సాధ్యమా? వార్డులో బనిచేసిన ప్రతివాడు నెఱుగును, సాధ్యమే. శనివారము నయమైన రోగి సోమవారము వఱకుండును. ఏలయన ఆదివారము డిశ్చార్జి కాగితముపై సంతకము పెట్టువారుండరు. స్కానింగు నివేదిక మూడవ అంతస్తులో తయారై యుండును, తెచ్చువాడుండడు. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన నాటినుండి పేదల శస్త్రచికిత్సకు ముందు అనుమతి తెప్పించుకొను పద్ధతి యేర్పడినది. అందు ఒక కాగితము తక్కువైన రోగి పడకమీదనే దినములు లెక్కబెట్టును. ఈ జాప్యములను దినదినము వ్రాసి, కారణములవారీగా విడదీసి, అన్నిటికంటె బెద్ద కారణమును బట్టుకొని, దానిని తొలగించుటకు నర్సుగారిని, గుమాస్తాను, విభాగపు పెద్దను ఒప్పించిన హౌస్ సర్జను నిజముగా కన్సల్టింగు చేసినవాడే. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రతకై 2015లో కాయకల్ప యను పథకము వచ్చినది. మార్కులు వేయుదురు, బహుమతు లిత్తురు. ఆ పని మన కుఱ్ఱ వైద్యులకు చీపురు పనిగా దోచి తప్పించుకొనుచున్నారు. ఆసుపత్రి యెట్లు నడుచునో నేర్పు బడి యంతకన్న వేఱొకటి లేదు.

ఇచ్చట మేము గట్టిగా జెప్పవలసిన మాట యొకటి కలదు. "అంకెలు వేయుము, ఎవడు వచ్చి చూచును?" అని ఉపదేశించువారు బయలుదేరినారు. వేచియుండు కాలమును నూటికి 40 పాళ్లు తగ్గించితినని వ్రాయు మందురు. ఎన్ని దినములు గొలిచితివి, ఎట్లు గొలిచితివి యని ఇంటర్వ్యూలో నడిగిన నాడు వారు ప్రక్కన నుండరు. జ్వరపు చీటీలో కొలువని వేడిని వ్రాసిన హౌస్ సర్జనును మన ఆచార్యులు వార్డునుండి వెడలగొట్టుదురు గదా. రెజ్యూమెలో కొలువని యంకెను వ్రాసినవాని కేమి మర్యాద? అంకె చిన్నదైనను కొలిచినదై యుండవలెను. నలుగురు చేసిన పనిని "నేను చేసితిని" అనరాదు. ఫార్మసిస్టుగారు చేసినది ఫార్మసిస్టుగారిది, తాను చేసినది తనది. పని ఫలింపకున్నను సిగ్గుపడనక్కఱలేదు. ఏమి యత్నించితిని, ఏల ఫలింపలేదు అని తేటగా జెప్పగలవాడు, ఫలించెనని బొంకినవానికంటె ఇంటర్వ్యూలో నెక్కువ సేపు నిలువగలడు.

వైద్యుల లోపములను గూడ దాచము. ధనపు లెక్క వీరికి రాదు. రాకుండుటయే గౌరవమని కొందఱి తలంపు. ఆస్తి అప్పుల పట్టిక చదువజాలనివాడు కంపెనీకి సలహా యెట్లు చెప్పును? జమాఖర్చుల మూలసూత్రములు, గణాంకశాస్త్రము, కంప్యూటరు పట్టికలలో లెక్కలు పేర్చు నేర్పు, ఈ మూడును సర్టిఫికెట్టు కొఱకు గాక పని కొఱకు నేర్చుకొనవలెను. మఱియొక లోపము వాగ్రూపమైనది. వార్డులో "ఇట్లు చేయుడు" అన్నంతనే జరుగును. వ్యవహారములో ఎదుటివానిని ఒప్పింపవలెను. ఎం.బి.ఏ. చదువవలెనా యని యడుగువారికి మా సమాధానము క్లుప్తము. హైదరాబాదులో 2001 నుండి ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్సు, విశాఖపట్టణముననే 2015 నుండి ఐ.ఐ.ఎమ్. ఉన్నవి, చదువు మంచిదే, వ్యయము పెద్దది. పైని జెప్పిన పని యేదియు జేయక యప్పు జేసి అందు జేరినవాడు, రెండు పట్టములున్న నిరుద్యోగి కావచ్చును.

ఇంటివారు వైద్యమును పుణ్యమనియు వ్యాపారమును పాపమనియు భేదింతురు. ఆ భేదమును మేమంగీకరింపము. కాని కన్సల్టింగు వృత్తిలో పాపము లేదనియు జెప్పము. అమెరికాలో పర్డ్యూ యను మందుల కంపెనీ అమ్మిన నల్లమందు జాతి నొప్పిమందునకు లెక్కకు మీఱిన జనులు బానిసలై మరణించిరి. ఆ మందు అమ్మకమును ఇంకను పెంచు నుపాయములు చెప్పినది మెకిన్సీ సంస్థయే. రాష్ట్రములు తెచ్చిన వ్యాజ్యములను బరిష్కరించుకొనుటకు 2021లో సుమారు 57 కోట్ల డాలర్లు, కేంద్రప్రభుత్వపు విచారణను ముగించుకొనుటకు 2024 డిసెంబరులో 65 కోట్ల డాలర్లు చెల్లించుటకు అది యొప్పుకొనవలసివచ్చినది. ఆ సలహా చెప్పినవారి రెజ్యూమెలు సామాన్యమైనవి కావు. ఒక్కొక్కటి చూచిన మన దుకాణములవారు మూర్ఛపోదురు. అమ్మకపు పటములో పైకి పోవు గీతను జూచి, దాని చివర నున్న మనిషి యూపిరి యాగిపోవునని చెప్పవలసినవాడు ఆ బల్లదగ్గర నెవడు? నల్లమందు జాతి మందు ఊపిరిని మందగింపజేయునని రెండవ యేటి వైద్యవిద్యార్థి యెఱుగును. కన్సల్టింగు సంస్థలో వైద్యుడుండుటకు గల నిజమైన ప్రయోజన మిదియే యని మేము తలచుచున్నాము. కావున వృత్తి మాఱినవారు వైద్యమండలిలో తమ నమోదును గడువు దాటకుండ పునరుద్ధరించుకొనుచుండవలెను. రెజ్యూమెలో దానిని మొదటి పంక్తులలోనే వ్రాయవలెను. అది తిరిగి వైద్యము చేయుటకు మాత్రమే గాదు. వలదని చెప్పి లేచి రావలసిన దినము వచ్చినచో లేచి వచ్చుటకు ఒక చోటుండవలెను.

స్త్రీలను గుఱించి వేఱుగా వ్రాయక తప్పదు. వైద్యకళాశాలలలో నేడు బాలికలు బాలురతో సమానముగ జదువుచున్నారు. పట్టము పొందిన పిదప వివాహము, ఆ పిదప ప్రసూతి, "పిల్లవాడు కొంచెము పెద్దవాడగు వఱకు ఆగుమమ్మా" యను అత్తగారి మాట. ఇట్లు రెండేండ్లో మూడేండ్లో గడచును. తిరిగి వార్డులో జేరి రాత్రి డ్యూటీలు చేయ నింటివారు పంపరు. వేఱు వృత్తి వెదకికొన బోవగా రెజ్యూమెలో ఖాళీ కనబడును. దుకాణమువారు ఆ ఖాళీని గప్పుటకు లేని క్లినిక్కు పేరొకటి వ్రాసియిత్తురు. ఆ చెల్లెండ్రకు మేము చెప్పునదేమన, కప్పవలదు. "ఈ సంవత్సరమునుండి ఈ సంవత్సరము వఱకు శిశుపోషణ" అని యొక్క పంక్తి వ్రాయుడు. ఆ కాలమున ఫోనుమీద చూచిన రోగులున్న, ఊరి బడిలో పిల్లల కన్నులు పరీక్షించియున్న, అది యెంతటి చిన్నదైనను, అంకెతో సహా దానిప్రక్కన వ్రాయుడు. భర్తలైనవారు ఆ మూడేండ్లలో వారమున కొక దినము బిడ్డ నెత్తుకొనియున్నచో ఆ ఖాళీలో నింకను కొన్ని పంక్తులు చేరియుండెడివి.

ఉద్యోగమిచ్చు సంస్థలవారిని గూడ మేమొకటి యడుగుచున్నాము. ఇంటర్వ్యూలో నీ స్త్రీలను "ఈ రెండేండ్లు ఏమి చేసితిరి?" అని గ్రుచ్చి గ్రుచ్చి యడుగుచున్నారు. పీజీ ప్రవేశపరీక్షకై తలుపు మూసికొని, రోగి ముఖము చూడక, తల్లి వడ్డించిన భోజనము చేయుచు రెండేండ్లు గదిలో గూర్చున్న యువకులు ఆ బల్లయెదుటికే వచ్చుచున్నారు. వారి నొక్కని నైన నట్లు అడిగినట్లు మేము వినలేదు.